"మా ఆయనకొద్దు మేడమ్, నాకే చెయ్యండి": ఒక వేసెక్టమీ కేసు

పన్నెండేళ్లుగా గుంటూరు వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మెడికల్ ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. ఈ పన్నెండేళ్లలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కి నేను రాసి పంపిన ఆడవాళ్లు ఎంతమందో లెక్కే లేదు, మగవాళ్లని మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టగలను. ఆ కొద్దిమందిలో ఒకాయన గురించి, అసలు చెప్పాలంటే ఆయన భార్య గురించి, ఇప్పుడు రాస్తున్నాను. ఇద్దరూ రాయమనే అన్నారు. పేర్లూ కొన్ని వివరాలూ మార్చాను. ఆమెని నాగమణి అంటాను, ఆయన్ని శ్రీను అంటాను.

వేసెక్టమీ, అంటే మగవాళ్లకి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, ఆ మాట రాగానే మనమందరం మగవాళ్ల మీద పడతాం. వాళ్లకి భయమనీ, మగతనం పోతుందన్న అపోహ అనీ, పెళ్లాం మీదకి నెట్టేస్తారనీ. అందులో అబద్ధమేమీ లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21ది, చూస్తే దేశం మొత్తం మీద ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్లు దాదాపు 38 శాతం, భర్త చేయించుకున్నవాళ్లు 0.3 శాతం. మన ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ల ఆపరేషన్ దాదాపు 70 శాతం, దేశంలోకెల్లా బాగా ఎక్కువ ఉన్న రాష్ట్రాల్లో మనదొకటి. అదే సర్వేలో నూటికి 35 మంది మగవాళ్లు గర్భనిరోధం ఆడవాళ్ల పని, అది మా తలనొప్పి కాదు అన్నారు. కానీ ఈ కేసులో మగమనిషి మొదటి రోజే సరేనన్నాడు. వద్దన్నది భార్య. ఎందుకు వద్దంటోందో నాకు అర్థం కావడానికి ఆరు వారాలు పట్టింది, ఆ ఆరు వారాలూ ఆమె అడగని ప్రశ్నకి నేను జవాబులు చెబుతూ కూర్చున్నాను.

2023 జనవరి. మిర్చి కోతలు ఊపందుకున్న రోజులు. ఆ సీజన్లో మా ఓపీకి ఆడవాళ్లు తగ్గిపోతారు, వచ్చినా పొద్దు వాలాక వస్తారు. నాగమణి అలాగే వచ్చింది, చేతులకి కొబ్బరినూనె రాసుకుని. పధ్నాలుగు నెలల పిల్లాడిని ఆశా కార్యకర్త ఎత్తుకుని ఉంది, కాయ కోసిన చేతులతో ముట్టుకుంటే పసివాడికి మంట పుడుతుందని తల్లి పక్కనే నిలబడి చీర కొంగుతో వాడి ముక్కు తుడుస్తోంది. వయసు 27. పెద్దది ఆడపిల్ల, ఆరేళ్లు. రెండూ సిజేరియన్లే.

"ఆపరేషన్ రాయండి మేడమ్, సంక్రాంతి వెళ్లాక చేయించుకుంటా" అంది.

రెండో సిజేరియన్ అప్పుడే ట్యూబెక్టమీ (ఆడవాళ్లకి చేసే ఆపరేషన్) ఎందుకు చేయించుకోలేదని అడగబోయి కాగితాలు చూశాను. పిల్లాడు నెలలు నిండకుండా పుట్టాడు, 1,700 గ్రాములు, మూడు వారాలు నవజాత శిశు విభాగంలో ఉన్నాడు. బిడ్డ నిలుస్తాడో లేదో తెలియకుండా ఆపరేషన్ వద్దన్నారు ఇంట్లోవాళ్లు. న్యాయమైన మాటే, నేనున్నా వద్దనేదాన్ని. ఆ తర్వాత కథ మా దగ్గర ప్రతి వారం వినేదే. కాపర్‌టీ వేయించుకుంది, బ్లీడింగ్ ఎక్కువై ఆరు నెలలకి తీయించేసింది. గర్భం రాకుండా వేసే అంతర ఇంజెక్షన్ ఒకటి తీసుకుంది, రెండు నెలలు చుక్కలు చుక్కలుగా కనపడుతూనే ఉంటే పొలం పనుల్లో గుడ్డలు మార్చుకునే చోటు లేక రెండోది మానేసింది. మధ్యలో ఒకసారి నెల తప్పితే మందుల షాపులో బిళ్లలు కొని మింగింది, ఎవరికీ చెప్పకుండా. పన్నెండు రోజులు రక్తం పోయింది. నా దగ్గరకి వచ్చేనాటికి హిమోగ్లోబిన్ 8.6.

డిశ్చార్జి కాగితంలో ఇంకో ముక్క ఉంది, మొదటి కోత దగ్గర పేగూ మూత్రాశయమూ బాగా అతుక్కుని ఉన్నాయని. అంటే ఇప్పుడు మళ్లీ పొట్టలోకి వెళ్లాలంటే చేసేవాళ్లకి కష్టం, ఆమెకి ప్రమాదం. పొట్టలోకి కెమెరా గొట్టం పెట్టి చేసే లాపరోస్కోపీ అయితే మరీనూ. నియమం ప్రకారం హిమోగ్లోబిన్ 7 ఉంటే ఆపరేషన్ చేయొచ్చు, కాబట్టి కుదరదని నేను అనలేను. జిల్లా ఆసుపత్రి గైనకాలజిస్టుకి ఫోన్ చేస్తే, రక్తం పెంచుకుని రమ్మను, చిన్న కోతతో ప్రయత్నిద్దాం, కానీ ఆయనకి వేసెక్టమీ చేయిస్తే ఈ అమ్మాయిని ఈ బాధలన్నీ పెట్టక్కర్లేదు కదా, అంది. నాకూ అదే అనిపించింది.

మర్నాడు భర్తని తీసుకురమ్మన్నాను. శ్రీనుకి 32 ఏళ్లు, కోల్డ్ స్టోరేజీ దగ్గర హమాలీ. మిర్చి టిక్కీ, అంటే బస్తా, ఒక్కోటి నలభై కిలోల పైనే ఉంటుంది, రోజంతా వాటిని వీపు మీద వేసుకుని ఎక్కించడం, దించడం. మనిషి తక్కువ మాట్లాడతాడు. నేను బొమ్మ గీసి చెప్పాను: వృషణాల నుంచి వీర్యకణాలు వచ్చే సన్నటి గొట్టాలు రెండుంటాయి, వాటిని కట్ చేసి ముడి వేస్తారు, తిత్తి చర్మం మీద చిన్న రంధ్రం చాలు, కుట్టు కూడా ఉండదు, మత్తు ఆ చోటుకే ఇస్తారు, పావుగంట ఇరవై నిమిషాల పని. మగతనం ఇచ్చే హార్మోను నేరుగా రక్తంలో కలుస్తుంది, ఈ గొట్టంతో దానికి సంబంధం లేదు. బయటికి వచ్చే వీర్యంలో కణాల వంతు చాలా కొంచెం, మిగతా ద్రవమంతా పైన ఉన్న గ్రంథులది, కాబట్టి చూడటానికి తేడా కూడా తెలియదు. అన్నీ విని ఒకటే అడిగాడు, ఎన్ని రోజులు పని మానాలని. రెండు రోజులు పూర్తి విశ్రాంతి, బరువులు మాత్రం వారం రోజులు వద్దు, మీ పనికి పది రోజులనుకోండి అన్నాను. లెక్క వేసుకున్నాడు. "సీజను అయిపోయాక చేయించుకుంటా మేడమ్. దానికి మళ్లా పొట్ట కోయించడం నాకూ ఇష్టం లేదు."

నేను లోపల ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. అప్పుడు నాగమణి అంది, నేల చూస్తూ కానీ గట్టిగానే: "మా ఆయనకొద్దు మేడమ్. నాకే చెయ్యండి."

ఎందుకమ్మా అంటే, "బరువులు మోసే మనిషి. ఆయన నడుం పట్టేస్తే మా ఇల్లు ఎట్టా గడుస్తుంది?"

ఈ మాట నాకు కొత్త కాదు. ఆడవాళ్లు వేసెక్టమీ వద్దనడానికి చెప్పే మొదటి కారణం ఇదే, ఇంకా చాలా కారణాలు విన్నాను. ఎలాగూ సిజేరియన్ చేస్తున్నారు కదా, పొట్ట తెరిచినప్పుడే నాకు ఆ పనీ కానిచ్చేస్తే ఇంకోసారి ఆసుపత్రి ఎక్కక్కర్లేదు అంటారు, ఇది పూర్తిగా సరైన లెక్క. ఆ 2019-21 సర్వే లెక్కలో మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు, తెలంగాణలో 60కి పైగా సిజేరియన్లే అయినప్పుడు వేసెక్టమీ గురించి మాట్లాడే సందే దొరకదు. ఆపరేషన్ నా ఒంట్లో జరిగితే నాకు తెలుస్తుంది, ఆయన ఒంట్లో జరిగితే నమ్మకమేంటి అని ఒకామె అడిగింది. పిల్లలు పుట్టరన్న ధీమాతో ఆయన బయట తిరిగితేనో అని ఇంకొకామె. ఇది పల్లెల మాట అనుకోకండి, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే నా దూరపు చుట్టం ఒకమ్మాయి, ఇద్దరు పిల్లలు, మాత్రలు పడక తలనొప్పులతో బాధపడుతున్నది, మీ ఆయన్ని అడిగావా అంటే, "అడిగితే ఒప్పుకుంటాడేమో అక్కా, కానీ నేనెలా అడగను?" అంది. భర్త ఒంటి మీద నిర్ణయం అడిగే హక్కు తనకి లేదనుకుంటోంది, తన ఒంటి మీద నిర్ణయం మాత్రం అందరూ కలిసి తీసుకున్నా ఫర్వాలేదు.

మా తప్పు కూడా తక్కువేం కాదు. మా ఏఎన్‌ఎం (ఊరి నర్సమ్మ) ఇంటింటికీ వెళ్లేది పొద్దున పదింటికి, అప్పుడు ఇంట్లో మగవాళ్లుండరు. ఆశాలందరూ ఆడవాళ్లే, వీధిలో మగమనిషిని ఆపి ఈ మాట ఎత్తలేరు. మగ హెల్త్ అసిస్టెంట్లకి దోమలూ మలేరియా రక్తపూతలూ సరిపోతాయి. ఏటా నవంబరు 21 నుంచి డిసెంబరు 4 వరకు వేసెక్టమీ పక్షోత్సవాలని బ్యానరు కడతాం, ఆ బ్యానరు కింద కూర్చుని మళ్లీ ఆడవాళ్లతోనే మాట్లాడతాం.

సరే, నాగమణి దగ్గరకి వస్తాను. నడుం భయం పోగొడితే చాలనుకున్నాను. మళ్లీ బొమ్మ గీశాను, ఈ గొట్టాలకీ వెన్నుకీ సంబంధం లేదన్నాను, వాపు, రక్తం గడ్డకట్టడం, ఇన్‌ఫెక్షన్ లాంటివి వందలో ఒకరిద్దరికి వస్తాయి, చాలావరకు తగ్గిపోతాయి, కొద్దిమందికి మాత్రం ఆ చోట నొప్పి ఎక్కువకాలం ఉండొచ్చు అని దాచకుండా చెప్పాను. తల ఊపింది. ఐరన్ మాత్రలు తీసుకుని వెళ్లింది. పదిహేను రోజులకి వచ్చి మళ్లీ అదే మాట, "నాకే చెయ్యండి." ఇంకో పదిహేను రోజులకీ అదే. నేను ప్రతిసారీ వేసెక్టమీ ఎంత మంచిదో చెబుతూనే ఉన్నాను. ఒక దశలో మా స్టాఫ్ నర్సు నన్ను పక్కకి పిలిచి, "ఆమె నడుం గురించి మాట్లాడట్లేదు మేడమ్, మీరొక్కసారి ఊరుకుని వినండి" అంది. ఆ మాట ఆ రోజు నాకు గుచ్చుకుంది. ఇప్పటికీ ఆమెకి రుణపడి ఉన్నాను.

ఫిబ్రవరి ఆఖర్లో నాగమణి ఒక్కతే వచ్చింది. ఆ రోజు బొమ్మ గీయలేదు. తలుపు వేసి, ఆయనకి ఆపరేషన్ అయిందనుకో, ఆ తర్వాత నీకు అన్నిటికన్నా భయం వేసేదేంటి అని మాత్రం అడిగి ఊరుకున్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది.

వాళ్ల పుట్టింటి ఊళ్లో, ఆమె చిన్నప్పుడు, వీధి చివరింటాయన ఆపరేషన్ చేయించుకున్నాడట. అయిన మూడు నెలలకో నాలుగు నెలలకో ఆయన భార్యకి నెల తప్పింది. ఆపరేషన్ అయిన మొగుడికి కడుపెట్టా వస్తుందన్నారు. పెద్దల్లో పెట్టారు. ఆమెని పుట్టింటికి పంపేశారు. "ఆ అత్త మా అమ్మకి స్నేహితం. మా ఇంటి అరుగు మీద కూర్చుని ఏడవటం నాకింకా కళ్లముందే ఉంది. ఆమె అట్టాంటి మనిషి కాదు మేడమ్." కాసేపాగి, "నాకు చేస్తే, ఒకేళ పోయినా నాది పోయిందంటారు. ఆయనకి చేసి పోతే నన్నంటారు."

నేను కుర్చీలో అలాగే ఉండిపోయాను. డాక్టరుగా నాకు ఆ కథలో జరిగింది ఏంటో ఒక్క క్షణంలో అర్థమైంది. వేసెక్టమీ అయిన రోజునుంచే పనిచేయదు. కట్ చేసిన చోటికి పైన, గొట్టాల్లో అప్పటికే ఉన్న కణాలు ఖాళీ అవడానికి మూడు నెలలు పడుతుంది, ఆ మూడు నెలలూ నిరోధ్ వాడాలి, తర్వాత వీర్యపరీక్ష చేయించి కణాలు లేవని కాగితం తీసుకోవాలి, అప్పుడే ఆపరేషన్ పనిచేసినట్టు. ఆ ఇంట్లో ఎవరికీ ఈ సంగతి చెప్పి ఉండరు, లేదా ఆయనకి మాత్రం హడావుడిగా చెప్పి పంపేసి ఉంటారు. ఒక ఆడమనిషి కాపురం ఆ చెప్పని మాట వల్ల పోయింది, దాన్ని చూసిన చిన్నపిల్ల ఇరవై ఏళ్ల తర్వాత నా ముందు కూర్చుని, మూడో కోతకి సిద్ధపడింది. ఆమెది అజ్ఞానం కాదు. వేసెక్టమీ ఫెయిలైతే ఆ ఫెయిల్యూరు ఎవరి మీద పడుతుందో నాకన్నా బాగా లెక్క వేసుకుంది.

మొదటిసారి ఆమెతో నిజం మాట్లాడాను. ఏ ఆపరేషనూ నూటికి నూరు కాదు. ట్యూబెక్టమీ అయినా మొదటి ఏడాది సుమారు రెండు వందల మందిలో ఒకరికి గర్భం రావచ్చు. వేసెక్టమీ అయి, పరీక్షలో కణాలు లేవని తేలాక గర్భం వచ్చేది సుమారు రెండు వేల మందిలో ఒకరికి. వచ్చినా ఎందుకొచ్చిందో చెప్పడానికి మళ్లీ పరీక్ష చేయొచ్చు, తెగిన గొట్టాలు అరుదుగా వాటంతటవే కలుస్తాయి, అది వైద్యానికి తెలిసిన సంగతి. ఫెయిలైతే పరిహారానికి ప్రభుత్వ పథకం కూడా ఉంది, అంటే ఫెయిలవుతుందని ప్రభుత్వమే రాసి ఒప్పుకున్నట్టు. ఈ చివరి మాట దగ్గర ఆమె తలెత్తి చూసింది. "రాసి ఉంటదా?" అని అడిగింది. ఉంటుందన్నాను. "మా అత్తకి చెప్తారా?"

రూలు ప్రకారం ఆపరేషన్‌కి భార్యాభర్తల్లో రెండోవాళ్ల సంతకం అక్కర్లేదు, అత్తగారి అనుమతి అసలే అక్కర్లేదు. కానీ నాగమణి అడిగింది అనుమతి కాదు, సాక్ష్యం. శ్రీనుని అడిగితే పిలవమన్నాడు.

అత్తగారు వచ్చింది, కొడుకు పక్కన కూర్చుంది. మొదట గతం తీసింది. తన మామగారు ఎమర్జెన్సీ రోజుల్లో ఆపరేషన్ చేయించుకున్నాడట, ఆ తర్వాత మనిషి నీరసించిపోయాడట. ఆ రోజుల గురించి ఆమె తరానికున్న చేదుని నేను కొట్టిపారేయలేను. 1976-77లో ఒక్క ఏడాదిలో దేశంలో అరవై లక్షల పైచిలుకు వేసెక్టమీలు చేశారు, ఎందరినో బెదిరించి, జీతాలు ఆపి, టార్గెట్ల కోసం. అంతకుముందు వేసెక్టమీ అంటే ఈ భయం ఇంతలా లేదు. 1971 జులైలో కేరళ ఎర్నాకుళంలో ఒక్క క్యాంపులో 63 వేల మందికి పైగా మగవాళ్లు ముందుకొచ్చారు, ఆ దశాబ్దాల్లో దేశంలో ఆడవాళ్ల కన్నా మగవాళ్ల ఆపరేషన్లే ఎక్కువ. ఎమర్జెన్సీ తర్వాత ఏ ప్రభుత్వమూ మగవాడి జోలికి పోదలచుకోలేదు, బరువంతా తెచ్చి ఆడవాళ్ల మీద వేశారు. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర క్యాంపులో ఒకే రోజు 83 మందికి ట్యూబెక్టమీ చేస్తే 13 మంది చనిపోయారు, 2022 ఆగస్టులో హైదరాబాద్ దగ్గరి ఇబ్రహీంపట్నంలో 34 మందికి చేస్తే నలుగురు. పిల్లల తల్లులు అందరూ. వాళ్లలో ఎందరి భర్తలని వేసెక్టమీ గురించి ఒక్కసారైనా ఎవరైనా అడిగారా అని నేను ఇప్పటికీ ఆలోచిస్తాను.

ఇవన్నీ ఆమెకి ఉపన్యాసంలా చెప్పలేదు. అప్పటి పద్ధతి వేరు, ఇప్పుడు కోత కూడా లేదు అని మాత్రం అన్నాను. అప్పుడు ఆవిడ అసలు మాట అంది, కోడలు పక్కనుండగానే: "రేపు ఈ పిల్లకేమైనా అయితే నా కొడుకు మళ్లా పెళ్లి చేసుకోవద్దా? అప్పుడు పిల్లలెట్టా?"

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. నాగమణి ముఖంలో ఆశ్చర్యం లేదు, ఆ మాట ఇంతకుముందే విని ఉంటుంది. నాకు కోపం వచ్చింది, దాన్ని మింగాను. జవాబు శ్రీనే చెప్పాడు. "దానికేమైనా అవకూడదనేగా నేను చేయించుకునేది, అమ్మా." అంతే అన్నాడు. ఆవిడ ఆ తర్వాత వాదించలేదు.

అప్పుడు ముగ్గురినీ కూర్చోబెట్టి ఒకే మాట మూడు రకాలుగా చెప్పాను. ఆపరేషన్ అయిన రోజునుంచి రిపోర్టు వచ్చేదాకా ఆపరేషన్ అవనట్టే లెక్క. ఆ మధ్యలో నెల తప్పితే అది ఈ ఇంటి గర్భమే, ఈ అమ్మాయి తప్పు కాదు. రిపోర్టు వచ్చాక తప్పితే ముందు అబ్బాయికి పరీక్ష, తర్వాతే ఏ మాటైనా. అత్తగారితో తిరిగి చెప్పించాను, మాత్రల డోసు చెప్పించినట్టు. నా ఓపీ పుస్తకంలో ఈ మాటలు తెలుగులో రాసి, శ్రీనుతో కింద సంతకం పెట్టించాను. ఇలా చేయమని ఏ మార్గదర్శకాల్లోనూ లేదు. నాగమణి ఆ పేజీని ఫోన్లో ఫోటో తీసుకుంది.

నిర్ణయం ఆమెదే అని ఇంకోసారి చెప్పాను. హిమోగ్లోబిన్ అప్పటికి 9.8కి వచ్చింది, కావాలంటే ఆమెకే ఆపరేషన్‌కి రాస్తాను, కాపర్‌టీ మళ్లీ ప్రయత్నించొచ్చు, గర్భం రాకుండా వాడే ఛాయ మాత్రలున్నాయి. ఒక ఆపరేషన్ నుంచి తప్పించబోయి ఇంకో ఆపరేషన్‌కి నెట్టకూడదు కదా. వారం ఆగి ఆశాతో కబురు చేసింది, ఆయనకే రాయమని.

ఏప్రిల్‌లో, సీజను తగ్గాక, జిల్లా ఆసుపత్రిలో చేశారు. నేనూ వెళ్లాను, నాగమణి రమ్మంది. లోపల పదిహేను నిమిషాలు. బయట ఆమె బెంచీ మీద కూర్చోలేదు, గోడకి ఆనుకుని నిలబడే ఉంది. శ్రీను నడుచుకుంటూ బయటికొస్తే ముందు ఆయన ముఖం చూసింది, తర్వాత కాళ్లు చూసింది, నడక ఎలా ఉందోనని. గంటసేపు ఉంచి పంపారు, బిగుతు లోదుస్తులు రెండు రోజులు రాత్రీ పగలూ వేసుకోమని, ఐసు పెట్టుకోమని. 1100 రూపాయల ప్రోత్సాహకం బ్యాంకు ఖాతాలో పడింది. శ్రీను చెప్పిన లెక్కలో అది సీజన్లో రెండు రోజుల కూలికి కూడా చాలదు, పది రోజులు కూర్చున్న మనిషికి. కూలి జనం ముందుకు రావాలంటే ఈ డబ్బు పెంచాల్సిందే, మాటలతో అయ్యేది కాదు.

రెండో రోజు రాత్రి తొమ్మిదింటికి ఆశా ఫోన్ చేసింది, తిత్తి ఒక పక్క నల్లగా కమిలిందని. వీడియో కాల్‌లో నాగమణి చేతులు వణుకుతున్నాయి, అత్తగారు వెనక నుంచి ఏదో అంటోంది. జ్వరం లేదు, వాపు నిమ్మకాయంత కూడా లేదు, పెరగట్లేదు. చర్మం కింద కొంచెం రక్తం చేరింది, తగ్గుతుంది, పొద్దున్నే తీసుకురండి, ఈలోగా వాపు పెరిగినా నొప్పి ఎక్కువైనా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి అన్నాను. వారంలో పసుపుపచ్చగా మారి పోయింది. పదకొండో రోజు టిక్కీ ఎత్తాడు. మొదటి టిక్కీ ఎత్తేటప్పుడు నాగమణి కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గరే ఉందని తర్వాత ఆయనే చెప్పాడు, అన్నం క్యారేజీ వంకతో వచ్చిందట.

అసలు పరీక్ష జూన్‌లో వచ్చింది. ఒక మధ్యాహ్నం, ఓపీ మూసేవేళకి, నాగమణి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. నెల వచ్చే రోజు దాటి తొమ్మిది రోజులైంది. ఎవరికీ చెప్పలేదు. అప్పటికి ఆపరేషన్ అయ్యి రెండు నెలలు, నిరోధ్ వాడుతున్నారు కానీ రెండుసార్లు వాడలేదట. మూత్ర పరీక్ష కిట్ మీద గీత వచ్చేదాకా ఆ అయిదు నిమిషాలూ ఆమె ఆ కిట్ వైపు చూడలేదు, ఫోన్లో ఆ ఓపీ పేజీ ఫోటో తెరిచి పెట్టుకుని దాన్నే చూస్తోంది. ఒక్క గీతే వచ్చింది. నాలుగు రోజులకి నెల వచ్చింది.

ఆ అయిదు నిమిషాలు నేను మర్చిపోలేను. ఆపరేషన్ ఆయన ఒంటి మీద జరిగింది, ఆయన చేసింది నిజంగా మంచి పని, ఊళ్లో నలుగురూ మెచ్చుకున్నారు కూడా. కానీ ఆ మూడు నెలల టెన్షన్ మొత్తం ఆమె ఒక్కతే మోసింది. మేం వేసెక్టమీ కౌన్సెలింగ్ అని చేసేదంతా మగవాడి భయాలకే. భార్య భయానికి మా ఫ్లిప్‌చార్టులో ఒక్క పేజీ లేదు.

జులైలో వీర్యపరీక్ష. మా దగ్గర చేయరు, ఏరియా ఆసుపత్రి ల్యాబుకి పోవాలి, శాంపిల్ తీసిన గంటలోపు చూడాలి కాబట్టి అక్కడే ఇవ్వాలి. ఇవ్వడానికి సరైన గది లేదు, జనం వాడే బాత్రూమే. శ్రీను మొదటిసారి ఇవ్వలేక తిరిగొచ్చేశాడు. ఆపరేషన్‌కి సిగ్గుపడని మనిషి దీనికి సిగ్గుపడ్డాడు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, పరీక్షే చేయించరు, ఆ చెయ్యకపోవడం వల్ల వచ్చే ప్రమాదమంతా భార్యదే. మూడు రోజులకి నాగమణి తోడు వెళ్లింది, బాత్రూము బయట కాపలా ఉంది. రిపోర్టులో కదలని కణాలు కొద్దిగా కనపడ్డాయి. ఇలా జరుగుతుంది, కంగారు లేదు, నిరోధ్ ఆపకండి, నెల తర్వాత మళ్లీ ఇవ్వండి అన్నాను. ఆగస్టులో మళ్లీ ఇచ్చాడు. కణాలు లేవు.

ఆ కాగితం పట్టుకుని ఇద్దరూ వచ్చారు. నేను సర్టిఫికెట్ దరఖాస్తు నింపుతుంటే శ్రీను బయట పిల్లాడిని ఆడిస్తున్నాడు. ఇప్పుడు నేను ఏ జంటకి వేసెక్టమీ గురించి చెప్పినా రిపోర్టు తేదీతోనే మొదలుపెడతాను, భార్యతో విడిగా పది నిమిషాలు కూర్చుంటాను, ఫెయిలైతే ఏం జరుగుతుందో ఇంట్లో పెద్దవాళ్లున్నప్పుడే చెబుతాను. కొంతమంది భార్యలు ఆ పది నిమిషాల తర్వాత కూడా వద్దంటారు. వాళ్లు వద్దన్నప్పుడు ఇప్పుడు నేను బొమ్మ గీయను.

నాగమణి రిపోర్టుని రెండు జిరాక్సులు తీయించింది, ఎదురుగా ఉన్న షాపులో. అసలుది రేషన్ కార్డున్న ప్లాస్టిక్ కవరులో పెట్టింది. ఒక జిరాక్సు అత్తగారికట. రెండోది ఎవరికమ్మా అంటే, నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంటూ చెప్పింది: "మా అమ్మకి మేడమ్. పుట్టింట్లో కూడా ఒకటుండాలి."